తప్పు చెప్పే ఉద్యోగం

నా పని తప్పు చెప్పడం.
ముప్పై ఒక్క ఏళ్ళుగా, ప్రతి ఆదివారం
మాంతెవీదెయో అన్నం గిన్నెలు ముందు పెట్టుకుని చూసే
‘మూడో గంట’ మొదలయ్యే ముందు
పోటీదారు కుర్చీలో నేను కూర్చుంటాను.
లైట్లు సరిచూసుకుంటారు, మైకు సరిచూసుకుంటారు,
అడిగినదానికల్లా నేను తప్పు చెబుతాను.
జీతాల పుస్తకంలో నీబియా ఫగుందెస్,
హోదా: ఇతరములు.

ఎల్బియో మార్చిలో ఒకే ప్రశ్న రెండుసార్లు చదివాడు.
పైసాందూ నుంచి వచ్చిన మందులషాపు కుర్రాడు
మర్యాదగా రెండుసార్లూ జవాబు చెప్పాడు.
జనం రెండుసార్లూ చప్పట్లు కొట్టారు.
మర్నాడు ఎల్బియో కళ్ళజోడు పెట్టె ఒక్కటే తీసుకుని
దురాస్నోలో చెల్లెలింటికి వెళ్ళిపోయాడు.

ఇప్పుడు జూలై.
నది మీది గాలి స్టూడియో రేకుల్ని
అప్పులవాడిలా బాదుతోంది.
కొత్త మనిషి కావాలి. ఐదుగురొచ్చారు.

మొదటివాడు సీరియల్ హీరో.
పరానా నీళ్ళు చివరికి ఎక్కడికి పోతాయన్నాడు.
‘కొండ పైకి’ అన్నాను.
పళ్ళన్నీ బయటపెట్టి నవ్వాడు,
నా వైపు కాదు, కెమెరా వైపు.
డబ్బు పెట్టే యెర్బా కంపెనీ ఆయన
మోకాలు చరుచుకున్నాడు.

రెండో ఆయన లాటిన్ పంతులు.
నా తప్పు మీదికెక్కి కూర్చుని
పదకొండు నిమిషాలు దిగలేదు.

వార్తలు చదివే సులేమా ‘కాదు’ అంటే
ఎక్కడో బస్సు లోయలో పడిందనిపించింది.

ఫుట్‌బాల్ వ్యాఖ్యాత మాత్రం
నేను నోరు తెరిచేలోపు తానే జవాబు అరిచేశాడు,
పాపం, ఆపుకోలేక.
వాడి మీద నాకు కోపం రాలేదు.

నేను వెతికింది గొంతును కాదు, సూటును కాదు.
ఒక్క ‘కాదు’ను.
ఎల్బియో ‘కా’ అంటూ తలుపు తీసి
‘దు’ అంటూ దగ్గరగా వేసేవాడు.
గడియ మాత్రం పెట్టేవాడు కాదు.
ఓడినవాడు ఇంటికెళ్ళి ఆ రాత్రి
భార్య ముందు తలెత్తుకుని అన్నం తినగలిగేవాడు.
ఇది నా దరఖాస్తు ఫారంలో ఏ గడిలో రాయను?

ఐదో మనిషి దెల్మీరా.
ఓడరేవులో ఫెర్రీల ఆలస్యం ప్రకటించే ఉద్యోగం.
జుట్టు ఇంకా తడిగానే ఉంది.
‘ఓర్నేరో పిట్ట గూడు దేనితో కడుతుంది?’
ఉన్నితో అని చెప్పాలని ముందే అనుకున్నాను.
ఆమె అట్ట ముక్క దించి, నన్ను చూస్తూ
ఆగింది.
గడియారం కూడా చూడలేదు.
ఎవరో మాతే ఫ్లాస్కు మూత బిగించారు,
ఆ కిర్రు నాకు వినబడింది.
ఎప్పటిదో టెలిఫోన్ స్తంభం, దాని నెత్తిన
పొయ్యి లాంటి గూడు,
కింద నేను, ఆరేళ్ళ దాన్ని, చెప్పుల్లేకుండా.

‘మట్టితో’ అన్నాను.

ముప్పై ఒక్క ఏళ్ళలో మొదటిసారి నోరు జారింది.
తెర వెనక వాళ్ళు తల పట్టుకున్నారు:
తప్పుకు ఈవిడేమంటుందో మాకిప్పుడెలా తెలుస్తుంది?
‘అవును’ అని ఊరుకుంది దెల్మీరా,
ఫెర్రీ వచ్చేసిందన్నట్టు.

శుక్రవారం నిర్ణయం వచ్చింది.
ఆ రాత్రే దురాస్నో నుంచి ఫోను.
‘చెప్పకు నీబియా, నాకు మూడు అవకాశాలు.
పంతులా?’
కాదు.
‘ఆ వార్తలావిడ?’
కాదు, ఎల్బియో.
బాగానే అంటున్నావే, అని నవ్వాడు.
నాకూ నవ్వొచ్చింది.

తర్వాత చాలాసేపు ఏమీ లేదు.
చెల్లెలు ఎక్కడో పళ్ళేలు సర్దుతున్న చప్పుడు.
‘అయితే,’ అన్నాడు మెల్లగా,
‘నేనేనా?’

నోరు తెరిచాను.
‘కా’ దగ్గర నిలబడిపోయాను,
తలుపు అంచు పట్టుకుని.