పదిహేడో చుక్క

నీలిరంగు తాగిన జెల్ పలక మీద
రెండువందల పైచిలుకు చుక్కలు,
ఎవరో సిరాకలం విదిలించి పోయినట్టు.
ఒక్కో చుక్కా ఒక్కో ప్రోటీన్.
బరువైనవి పైనే ఆగిపోతాయి, తేలికవి కిందికి జారతాయి.
వాటిలో పదిహేడోది నా కంట్లో నలుసు.

మొదటిరోజు మినపగింజంత నల్లగా ఉంది.
మూడోరోజుకి అంచులు కరిగాయి.
ఐదోరోజు, వెనక దీపం పెట్టి చూస్తే తప్ప
ఉందో లేదో.

ఆ చుక్క ఈ పిల్లల సద్దిమూట.

ఆరు దశలు ఈదుతూ తింటూ, తింటూ ఈదుతూ
కుబుసాలు విడుస్తూ పెరిగిన లార్వా
ఏడో దశలో నోరు మూసుకుంటుంది.
ఇక తిండి లేదు.
రెండు చిప్పల మధ్య ముడుచుకుని
కొత్తగా మొలిచిన జంట కళ్ళతో, అంటుకునే మీసాలతో
ఒకటే పని: చోటు వెతుక్కోవడం,
మూట ఖాళీ అయ్యేలోపు.

దొరికిందా, తలని రాతికి అతికించుకుంటుంది. ఒక్కసారే.
ఆ జిగురూ ప్రోటీనే.
తర్వాత ఆ కళ్ళు రాలిపోతాయి.
కాళ్ళు పైకి తిరుగుతాయి.
బతికినన్నాళ్ళూ తలకిందులుగా నిలబడి
కాళ్ళతో అన్నం తినడమే.

నా గాజుగిన్నెలో నాలుగువందలు తిరుగుతున్నాయి.
వడకట్టిన నీళ్ళు, పద్దెనిమిది డిగ్రీలు, మచ్చలేని అడుగు.
ఒక్కటీ దిగదు.

శుక్రవారం ఎర్మీతాస్ వచ్చింది.
గలీసియా తీరంలో, కోర్మె రాళ్ళ మీద
ముప్పై ఒక్క ఏళ్ళుగా
అల వెనక్కి పీల్చుకున్న ఆ ఒక్క ఊపిరిలో కిందికి దిగి
అది తిరిగొచ్చేలోపు నాలుగు గుత్తులు గీకి పైకెక్కే మనిషి.
నడుముకి తాడు. ఎడమచేతికి రెండువేళ్ళు లేవు.
అడిగితే, "సముద్రం దగ్గర కుదువ పెట్టాను" అంటుంది.
మాకు తల్లి బార్నకిల్స్ తెచ్చేది ఆమే,
తడిగోనెలో, తూకం చీటీతో సహా.

గోడమీద జెల్ ఫొటోలు వరసగా చూసింది.
నాకు మూడేళ్ళ చదువు పట్టిన సంగతి,
పదిహేడో చుక్క మీద వేలు పెట్టి
"ఇది ఆకలి" అంది.

తర్వాత గిన్నెలోకి వంగింది.
"ఇంత శుభ్రం ఎందుకు చేశావు?
ఎవరూ బతకని చోట ఎవరు దిగుతారు?"

జేబులోంచి గీకుడు కత్తి తీసింది.
పొద్దుటి పనిది, కడగలేదు.
చితికిన గుత్తుల జిగట ఇనుము మీద ఎండి
పాలపొరలా ఉంది.
నేను వద్దనేలోపు గిన్నెలో పెట్టేసింది.

ప్రయోగం పాడైందని నోట్‌బుక్కులో రాశాను.
తేదీ, సమయం, సంతకం.

రాత్రి ఒంటిగంటకి లైటార్పడానికి పోతూ చూశాను.
మీసాలతో తడుముతూ, అడుగేస్తూ, ఆగుతూ
ఇనుము అంచు మీద నడుస్తున్నాయి.
పోయినవాళ్ళ ప్రోటీన్ని చదువుతున్నాయి.
ఇక్కడ మనవాళ్ళుండేవాళ్ళు,
అంతవరకే ఉంది అందులో.
ఎలా పోయారో లేదు.

తెల్లారేసరికి ఇరవైమూడు తలలు అతుక్కున్నాయి,
పదునున్న వైపే.

ఏడింటిని గీకి, నూరి, జెల్ నడిపాను.
పదిహేడో చుక్క లేదు.
దానికి కాస్త ఎడమగా, మొన్నటిదాకా ఏమీ లేని చోట
కొత్తవి మూడు.
పేర్లు ఇంకా పెట్టలేదు.

సోమవారం కత్తి కోసం ఫోన్ చేసింది ఎర్మీతాస్.
నీళ్ళు బాగా దిగాయట. పండగ ముందు ధర కూడా బాగుందట.
ఇవ్వలేనన్నాను. ఎందుకో చెప్పాను.
చాలాసేపు గాలి చప్పుడు.

"ఎన్ని?" అంది.
"ఇరవైమూడు."

"రెండేళ్ళు పెంచినా పావుకిలో తూగవు," అని నవ్వి
వాళ్ళ చెల్లెలి కత్తి అడుక్కుంటానని పెట్టేసింది.
ఏడు తీసేసి లెక్క చెప్పడానికి
నాకు నోరు రాలేదు.