తెలియదు 3

అగాదెజ్ పాత బజారులో, టైర్ల కొట్టుకీ
మాంసం కాల్చే పొయ్యికీ నడుమ
ఒక గొడుగు, రెండు స్టూళ్ళు, మూత విరిగిన లాప్‌టాప్.
అదే నా దుకాణం.
వేలిగోరంత మెమరీ కార్డులు పట్టుకొస్తారు జనం.
వంద ఫ్రాంకులకి పది పాటలు.
ఒకరి కార్డు మొత్తం ఇంకొకరికి దింపాలంటే
ఇద్దరూ ఎదురుగా కూర్చోవాలి, అదొక్కటే నా షరతు.
పాటలు ఎక్కుతున్నంతసేపూ నేను పొయ్యి వైపు చూస్తాను.
పక్కవాళ్ళ మూట విప్పుతుంటే
తల తిప్పుకోవడం మర్యాద.

ఇవాళ మధ్యాహ్నం గుమూర్ వచ్చాడు, కూతురు రైషాతో.
జాదో బంగారు గనుల దగ్గర
రాళ్ళు పిండిచేసే మర పక్కన ఆరేళ్ళు.
మర చెవులు తినేసింది, అంది రైషా.
"నాకింక ఎందుకు, దీనికి ఎక్కించు"
అన్నాడతను, అవసరానికి మించిన గొంతుతో.
"వరుస మార్చకు. పేర్లు మార్చకు."

సరేనని తలూపాను.
అతను స్పీకరు మీద అరచెయ్యి ఆనించాడు,
జ్వరం చూసేవాడిలా.

"ఇదా, లారీ చెడిపోయి ఇసుకలో మూడు రోజులు.
సగం పాటకే బ్యాటరీ చచ్చింది.
మిగతా సగం డ్రైవరు పాడాడు, అన్నీ తప్పులే.
ఇప్పటికీ నాకు ఆ తప్పులే పాట."

"ఇది మీ అమ్మకి పడేది కాదు.
పెట్టగానే లోపల్నించి అరిచేది.
ఆ అరుపు కోసమే పెట్టేవాణ్ణి."

"పదకొండోది పొరపాటున ఎక్కింది.
తీసేద్దాం తీసేద్దాం అనుకుంటూ
తొమ్మిదేళ్ళు విన్నాను."

రైషా నవ్వింది. అతనికి ఆ నవ్వు కనిపించింది.

తరవాత తెర మీద: తెలియదు 3.
జనరేటరు రొద. గాలి. ఎవరిదో పసిబిడ్డ ఏడుపు.
వాటి అడుగునుంచి ఒక గిటారు.
నా చెయ్యి మీట మీద ఆగిపోయింది.

అది మా అన్న అగాలీ వేళ్ళు.
మేనత్త కూతురి పెళ్ళి, నాకు పందొమ్మిది.
ఆ రికార్డున్న ఫోను బావిలో జారిపోయింది.
అన్న అల్జీరియా పోయి సిమెంటు కలుపుతున్నాడు,
మళ్ళీ తీగ ముట్టలేదు.
ఇది ఎన్ని ఫోన్లు దాటిందో, ఎన్ని జేబుల చెమట తాగిందో,
అంచులు అరిగిపోయి, గొంతులు ఇసుక పట్టి
నా బల్ల మీదికి వచ్చింది.

"ఇదిగో, ఇక్కడ తీగ తెగుతుంది," అన్నాడు గుమూర్.
తెగింది.
"ఇప్పుడొక వెధవ అరుస్తాడు చూడు."

'ఆపకు!' అని అరిచాడు
పందొమ్మిదేళ్ళ వెధవ.

"గనిలో రాత్రిపూట పన్నెండుమందిమి
వాడితోపాటు అరిచేవాళ్ళం. మట్టి కొట్టుకుపోయిన నోళ్ళతో.
ఎవడో గానీ, సరైన సమయానికి అరిచాడు."

ఏం చెప్పను, ఏ చెవిలో చెప్పను?
రైషాతో అంటే అయిపోయేది. అనలేదు.
అతని రెండో చెయ్యి లాక్కుని
అరచేతిలో చరిచాను:
రెండు, ఆగి, ఒకటి. రెండు, ఆగి, ఒకటి.
మూడోసారి నేను ఎప్పుడూ తడబడే చోట
తడబడ్డాను.
స్పీకరు కింద కూడా
అదే క్షణాన అదే తడబాటు.

ఒక చేత్తో అప్పటి నన్నూ
ఒక చేత్తో ఇప్పటి నన్నూ పట్టుకుని
గుమూర్ నా మొహంలోకి చూశాడు.
చాలాసేపు.
తరవాత బజారు దద్దరిల్లేలా
"ఆపకు!" అన్నాడు.
మాంసం కాల్చేవాడు విసనకర్ర వదిలేశాడు.

పాట ఎక్కడం అయిపోయింది.
"పేరు మార్చనా? అగాలీ అని పెడతాను," అన్నాను రైషాతో.
"మార్చొద్దన్నాడుగా నాన్న," అంది.
నిజమే. నా ఫోనులోకి కూడా
తెలియదు 3 గానే దింపుకున్నాను.
రాత్రికి అన్నకి పంపాలి, సిగ్నలు దొరికితే.
దొరికితే పంపుతానో లేదో.

గుమూర్ చిల్లర లెక్కపెట్టి నా గుప్పిట్లో పోశాడు.
యాభై ఫ్రాంకులు తక్కువ.
పిలిచాను రెండుసార్లు, వినపడక కాబోలు
వెళ్ళిపోయాడు.