గొడుగూ తలకట్టూ

గుణుపురం కోర్టు గోడ పక్కన నా బల్ల.
ఒడియా కాగితం తెలుగులో చదివి పెడతాను,
తెలుగు గోడు ఒడియాలో రాసి పెడతాను.
పేజీకి ముప్పై రూపాయలు. ఏడుపు ఉచితం.

మా ఊళ్ళో రెండు లిపులూ గుండ్రనివే.
ఒకటి గొడుగేసుకుని నడుస్తుంది,
ఒకటి తలకట్టు కట్టుకుంటుంది.
వానొస్తే మాత్రం రెండూ తడుస్తాయి.

ఆవిడ డెన్మార్క్ నించి వచ్చింది. పేరు మెట్టె.
కాలివేలికి పెట్టుకునేది కాదు, అక్కడి పేరే అంత.
ముఖం చూస్తే కాశీనగరం సంతలో
చింతపండు కుప్ప వెనక కూచున్న మనిషి.
చేతిలో ఒక ఫైలు, ఒక ప్లాస్టిక్ గొట్టం.
అందులో ఉమ్మితే రక్తం ఎవరిదో చెబుతుందట.

గొట్టం ఇచ్చింది సున్-హీ.
కొరియాలో పుట్టి, మెట్టెలాగే
ఆ చలిలోకి విమానంలో చేరిన పిల్ల.
సున్-హీకి అక్క దొరికింది,
అక్కతో మాట్లాడ్డానికి భాష దొరకలేదు.
"అందుకే అన్నకంటే ముందు నిన్ను వెతికాను"
అంది మెట్టె నాతో.

ఫైల్లో మూడే ముక్కలు:
ఆడపిల్ల, సుమారు రెండేళ్ళు.
వంశధార పొంగిన మర్నాడు, మిషన్ ఆసుపత్రి మెట్ల మీద.
తోడబుట్టినవాడు ఒకడు, సీమాంచళ, ఏడేళ్ళు.

మూడు రోజులు ఒడియా వీధులన్నీ తిరిగాం.
ఒక సీమాంచళ పూజారి,
ఒక సీమాంచళ పంక్చర్లు వేస్తాడు,
ఒకడు ఊరికే టీ తాగించి పంపాడు.
ఎవరి చెల్లీ తప్పిపోలేదు.

నాలుగో రాత్రి ఫైలు దీపం కిందకి జరిపాను.
'ళ' తోకని అలా మెలితిప్పేది
ఈ తాలూకాలో ఒక్కడే.
మా నాన్న. మిషన్లో గుమాస్తా.
తెలుగు పేరు చెవిలో పడితే
వేళ్ళ దాకా వచ్చేసరికి ఒడియా అయిపోయేది.
తడిసిన గుంటడెవడో సింహాచలం అనుంటాడు,
సీమాంచళ అయి ఆరింది సిరా.

పొద్దున్నే ఆవిడకి చెప్పాను, సగం.
పేరు తప్పు రాశారన్నాను.
ఎవరు రాశారో అనలేదు.

తెలుగు వీధిలో కేకేస్తే ఏడుగురు వచ్చారు.
బగాది సింహాచలం, ఉర్లాన సింహాచలం,
తాపీపని సింహాచలం, వాడి బావమరిది సింహాచలం...
ఏడుగురిలో నలుగురికి
ఆ నీళ్ళలో చెల్లి పోయింది.
"ఒళ్ళు దొరక్క గడ్డిబొమ్మని కాల్చాం బాబూ,
మాయమ్మ దానికీ గౌను తొడిగింది" అన్నాడొకడు.
ఇంకొకడు చెవి వెనక మచ్చ చూడాలన్నాడు.
మచ్చ లేదు.
"ఆ ఊళ్ళో ఎండుండదు గదా, వెలిసిపోయుంటది."

తెచ్చిన గొట్టం ఒకటే.
నలుగురూ దానికేసి చూస్తున్నారు,
డిపోలో ఆఖరి లీటరు కిరసనాయిల్ని చూసినట్టు.

అప్పుడు మెట్టె ఓ మాట చెప్పింది.
ఆ ఇంటికి చేరిన కొత్తలో రాత్రంతా
అన్నా అన్నా అని ఏడ్చేదట.
వాళ్ళ దేశంలో అది ఆడపిల్ల పేరు.
పాపం, ఎవరో స్నేహితురాలనుకుని
బంగారు జుట్టు బొమ్మని కొనిచ్చి
ఇదిగో నీ అన్నా అన్నారట.
పదేళ్ళు దాన్ని పక్కలో వేసుకునే పడుకుందట.

తెలుగు చేస్తూ మధ్యలో ఆగిపోయాను.
నా వృత్తిలో ఎప్పుడూ ఆగలేదు.

వరదతో ఏ సంబంధమూ లేని సింహాచలం ఒకడున్నాడు,
వాడి చెల్లి పర్లాకిమిడిలో కులాసాగా ఉంది,
పోయిన వారమే పోట్లాడి వెళ్ళింది.
వాడడిగాడు: "ఆ బొమ్మ ఏదమ్మా మరి?"

సూట్‌కేసు తెరిచింది.
ఒక కన్ను లేదు, జుట్టు సగం లేదు.
ఒకరి తర్వాత ఒకరు అందుకున్నారు,
తల కింద చెయ్యి పెట్టి,
నిద్ర చెడుతుందేమో అన్నట్టు.

గొట్టం మాట ఆ సాయంత్రం ఎవరూ ఎత్తలేదు.
ఇంకో మూడు పంపిస్తుందట. ఆరు వారాలట.
ఏడుగురూ స్టేషన్ దాకా వెళ్ళారు.

ఇంటికొచ్చి ఒక తెల్లకాగితం మీద
ఆ పేరు తెలుగులో రాశాను.
పక్కనే ఒడియాలో రాశాను.
నా చేతిలోనూ
'ళ' తోక మెలితిరిగింది.