లేబుల్ లేని బటన్

కోస్గి బస్టాండుల మూత్రశాల గోడకానుకోని
పసుపు రంగు డబ్బ ఉండేది, నాది.
పసుపని జనం చెప్పిండ్రు. నేను సరే అన్న.
వికలాంగుల కోటల ఇచ్చిన ఎస్టీడీ బూతు.
పేరు మొగులప్ప, వయసు ఇరవై మూడు,
కండ్లు పుట్టినకాంచి లేవు.

ఫోను మీద అయిదుకు ఒగ చుక్క ఉంటది.
ఆవగింజల సగం.
దాని మీద నడిమేలు ఆనిస్తే చాలు,
పైకి రెండు, కిందికి ఎనిమిది,
ఎడమకు నాలుగు, కుడికి ఆరు.
సున్నా రెండు రెండు అని ఒత్తితే బొంబాయి.
తట్టలు మోయవోయిన పాలమూరంత
నా యేలి కొస మీదికెల్లే మాట్లాడింది.
ఆ చుక్క పెట్టినోడు ఎవడో తెల్వదు.
యాడి ఫ్యాక్టరీలనో కూసోని
నాసొంటోడు ఒగడుంటడని యాది జేసుకున్నడు.

మీటరు మీద ఎర్రంకెలట. నాకెందుకు?
అది టిక్కుమంటే నేను లెక్కవెట్టేది.
మాణెమ్మ మాత్రం ఫోను వట్టుకోని
మాట్లాడకుండ ఏడ్చేది.
ఏడుపుకు గూడ టిక్కులు వడ్తయని చెప్పలేక
చెవుల లెక్క ఆపేసేటోన్ని.

అందరి జేబులల్లకు ఫోన్లొచ్చినంక
డబ్బను తూకానికి అమ్మిన.

పోయినేడు నా బిడ్డ నాగవేణి
అద్దం ఫోను దెచ్చిచ్చింది.
చెయ్యి వెడితే నున్నగ,
ఒడ్లు చెరిపేసిన పొలం లెక్క.
"అయిదు యాడుంది బిడ్డా?"
నా యేలు వట్టుకోని తీస్కపోయి పెట్టింది.
యేలు తీసిన. అయిదు పోయింది.

మూడు దినాలు దేవులాడి ఆమెనే
దానికి నోరు తెప్పిచ్చింది.
యేలు యాడ వెడితే అది జదువుతది,
రెండుసార్లు కొడితే తెరుస్తది.
రేడియోల వార్తలు జదివే ఆమె తీర్గ మాట.
పాస్‌వర్డ్ కొడుతుంటే
"చుక్క, చుక్క, చుక్క" అంటది.
నవ్వొచ్చింది.
నాకు కావల్సిన చుక్క ఒక్కటే గదనే.

పైసలు పంపే యాప్ తెరిస్తే మాత్రం
"లేబుల్ లేని బటన్."
పక్కకు జరిపితే
"లేబుల్ లేని బటన్."
కిందికి,
"లేబుల్ లేని బటన్."
కన్నరు, తొట్టెలల ఏసిండ్రు,
పేరు వెట్టుడు మరిచి పోయిండ్రు.
బిడ్డకు పంపిన అయిదొందలు
మక్తల్ల తర్బూజ పండ్లమ్మేటాయినకు పోయినయ్.
మంచోడు, తిరిగి పంపిండు.
ఎట్ల పంపినవన్నా అంటే
"ఏమున్నది, బటన్ ఒత్తిన" అన్నడు.

కంపినీకి రాపిచ్చిన, బటన్లకు పేర్లు వెట్టుండ్రని.
వారానికి జవాబొచ్చింది.
ఫోను జదివింది: "బొమ్మ."
గంతే.
అక్షరాలు బొమ్మ జేసి పంపిండ్రట.

యేలు వెట్టి ఒత్తి పట్టుకుంటే
మనమే పేరు వెట్టొచ్చని నాగవేణి జెప్పింది.
ఆమె చూసి జెప్పుడు, నేను పేరు వెట్టుడు.
పైసలు పంపేదానికి సాగనంపు.
ఎనుకకు మళ్ళేదానికి మాణెమ్మ,
పోతున్న పోతున్న అనుకుంట గడప కాడికెల్లి
ఎన్నిసార్లు మళ్ళొచ్చిందో ఆమె.
మూలకున్న ఒగదాన్ని ఒత్తితే
ఏమైతదో నాగవేణికి గూడ తెల్వలే.
దానికి నా పేరుల సగమిచ్చిన, మొగులు.
పడితే పడతది వాన, లేకుంటే లేదు.

నాలుగు నెలలు మంచిగ నడిచింది.
పోయిన మంగళారం రాత్రి
నన్నడగకనే యాప్ కొత్తగైంది.
మాణెమ్మ లేదు. సాగనంపు లేదు.
మొగులు గూడ లేదు.

నాగవేణి డ్యూటీ నుంచి వచ్చేటాలకు ఎనిమిదైతది.
గడంచెల కూసున్న, ఫోను ఒళ్ళె వెట్టుకోని,
యేలు జరుపుకుంట.
"లేబుల్ లేని బటన్" అంటది లోపలామె.
జెర ఆగు తల్లీ,
పెడుతున్న.