నడుమ గీత

పర్లాకిమిడి కాలేజీ వెనక గది.
ఆసుపత్రివాళ్లు పారేసిన ఎక్స్‌రే ట్రాన్స్‌ఫార్మరుని
తోపుడు బండి మీద తెచ్చాడు దండాసి, మా లాబ్ అటెండరు,
దారి పొడుగునా దాన్ని తిడుతూ,
గతుకు వస్తే మాత్రం చెయ్యి అడ్డం పెడుతూ.

గాజు గొట్టం చిటికెన వేలంత.
లోపల గాలి తోడేసి పిసరంత హైడ్రోజన్ వదిలాం.
కేథోడు ముందు గోరంత చీకటి ఉంటుంది,
క్షేత్రమంతా అక్కడే కాపు కాస్తుంది.
సెంటీమీటరుకి లక్ష వోల్టులు అంటే
దండాసి అన్నాడు:
"మా వీధిలోకి రెండొందలే సరిగ్గా రావు మేడం."

రెండు గంటలు ప్లేటు మీద వెలుగు పడాలి.
దీపాలార్పి కూర్చున్నాం,
నేనూ, దండాసీ, సెరంగో కొండల నుంచి వచ్చి చదువుకునే ఎలియా రైక.
ట్రాన్స్‌ఫార్మరు మూలుగుతోంది.
చీకట్లో చెయ్యడానికి కబుర్లు తప్ప ఏమున్నాయి?

జనాభా లెక్కల గుమస్తా వచ్చాడట ఒకసారి,
మాతృభాష ఏటని అడిగాడట.
దండాసి తల్లి పేడ చేతులతోనే గుమ్మంలోకొచ్చి
"ఎవుల మీద అరిసినప్పుడు?" అందట.
మొగుడి మీదైతే తెలుగు.
బియ్యం కొట్టు ముందు ఒడియా.
చింతపండు దింపే కొండ ఆడోళ్లతో సవర.
ఆవుతో మూడూ.
కాగితంలో గడి ఒకటే ఉంది.
గుమస్తా పెన్ను మూత పెట్టి, తీసి, మళ్లీ పెట్టాడట.

ఎలియా నవ్వాడు.
"మా ఊరి గడిలో ఏం రాశారో మాకిప్పటికీ తెలీదు."

పాఠం చెప్పబోయి ఆగాను.
చెప్పాల్సింది ఇంతే:
హైడ్రోజన్ గీత చూడ్డానికి ఒకటి.
ఒకే ఎత్తున, ఒకే చాప మీద,
పక్కపక్కన కూడా కాదు, ఒకరి చోటులోనే ఒకరు
నిద్రపోతున్న స్థితులవి.
క్షేత్రం వాటిని పుట్టించదు.
పేరు పెట్టి లేపుతుంది.
ఒకటి ఎరుపు వైపు జరుగుతుంది, ఒకటి నీలం వైపు.
సోడియం అలా కాదు,
వాటివి ముందు నుంచీ వేరు కాపురాలు;
ఎంత తోసినా వెంట్రుకవాసి కదిలి ఊరుకుంటాయి.

"ఇంకా పెంచితే?" ఎలియా అడిగాడు.
ఇంకా పెంచితే ఎలక్ట్రాన్ కట్టు తెంచుకుని పోతుంది.
అప్పుడు చీలడానికి గీతే ఉండదు.
కాసేపు ఎవరం మాట్లాడలేదు.

గంటా నలభైకి కరెంటు పోయింది.
ఆరిపోయే ముందు రెప్పపాటు
గీతలన్నీ తిరిగి ఒక్కచోట చేరే ఉంటాయి.
చూసినవాళ్లు లేరు.

ఎర్ర దీపం కూడా పనికిరాని ప్లేటు.
చీకట్లోనే ట్రేలో ముంచి అటూ ఇటూ ఊపుతుంటే
ఎలియా తన భాషలో లెక్కపెట్టాడు;
ఆ లెక్కలో పన్నెండు దాటితే పన్నెండూ-ఒకటి, పన్నెండూ-రెండు.
నేను వాచీ తడుముకోవడం మానేశాను.

కడిగాక టార్చి వేసి చూశాం.
కేథోడుకి దూరంగా ఒంటి గీత,
దగ్గరికొచ్చే కొద్దీ
తొక్కిన ఈత పుల్లలా విచ్చుకుంటూ.
ఎర్ర గీత తన చోట ఒకదాన్ని నిలబెట్టుకుని
మిగతావాటిని చెరోవైపూ పంపింది.
నీలాకుపచ్చది నడుమ ఎవర్నీ ఉంచలేదు.

"ఇందులో అసలుది ఏది మేడం?"
ఎర్రదాంట్లో చూపించాను, సులువే.
రెండోదాని దగ్గర నా వేలు
రెండు నల్లటి చారల మధ్యకు పోయి ఆగింది.
"అక్కడేటీ లేదు కదా."
"లేదు. అసలుది ఉండే చోటు అదే."

దండాసి టార్చి ఆ ఖాళీ మీదే ఉంచి
చాలాసేపు చూశాడు, బ్యాటరీ దండగని నేను గుర్తు చేసేదాకా.
తర్వాత ప్లేటుని తన గొడుగు పక్కన ఆరబెట్టాడు.
పొద్దున్నే మహేంద్రతనయ దాటి
పాతపట్నంలో చెల్లెలి ఇంటికి పోవాలట, పిల్లకి చెవులు కుట్టిస్తున్నారు.
సెలవు చీటీ నా బల్ల మీద పెట్టి వెళ్లాడు.
అర్జీ ఒడియాలో,
సంతకం తెలుగులో,
రెంటికీ మధ్య
బొటనవేలితో అంటిన డెవలపరు మరక.