డబ్బా అడుగు పొడి

మూత మీద ఆకు బొమ్మ.
కింద, నూటికి నూరుపాళ్లు ప్రకృతి, అని అచ్చు.
తయారైన ఊరి పేరు ఉన్నచోట కాగితం చిరిగింది.
అడుగున మూడు చెంచాల పొడి,
ఆరిపోయిన గోరింటాకు రంగులో.

ఉన్ని టోపీలో చుట్టి తెచ్చారు కూర్మారావు గారు,
వుల్వర్‌హాంప్టన్ ఆసుపత్రిలో మా ల్యాబు కిటికీ దగ్గరికి.
తెలుగు పేరు చూసి నన్నే అడిగారట.
"ఇందులో తప్పేం లేదని ఒక కాగితం రాసివ్వమ్మా."

పద్నాలుగు రోజుల క్రితం
డడ్లీ రోడ్డు మీద ఆయన బస్సు ఆగింది, స్టాపు కానిచోట.
ఆపింది నేనే, అని పదేపదే చెబుతారు:
చెమటలు పట్టాయి, అద్దంలో కార్లు రెండేసి కనబడ్డాయి,
బ్రేకు తొక్కి, లైట్లు వేసి,
అప్పుడే తల వాల్చాను.
ముందు సీట్లో పెద్దావిడ, మిసెస్ ప్రిచర్డ్,
చేతిసంచీలోంచి జెల్లీ బేబీలు తీసి
ఒక్కొక్కటే ఆయన పళ్ల మధ్య పెట్టింది.
వాళ్లాయనకీ ఉండేదట ఈ జబ్బు.
అంబులెన్సు వాళ్లు వేలు గుచ్చితే రెండు పాయింటు ఒకటి.
మన లెక్కలో ముప్పై ఎనిమిది.

పొడపత్రి, నేరేడు గింజ, మెంతి, నేలవేము.
ఎక్కం అప్పజెప్పినట్టు వేళ్ల మీద చెప్పారు.
పదకొండేళ్లుగా పరగడుపున ఒక చెంచా.
గోళీ జోలికి పోలేదు.
గోళీ అంటే లైసెన్సు ఆఫీసుకి ఉత్తరం రాయాలి,
రాస్తే స్టీరింగు చేతిలో ఉంటుందో ఉండదో.
ఆకు తింటే ఎవరికి రాయాలి?

నేను ఆకుని వెక్కిరించే మనిషిని కాను.
పరీక్షకి ముందురోజు పొడపత్రి ఒకటి తెప్పించి నమిలాను.
తర్వాత టీ తాగితే పంచదార ఇసుకైంది.
కాసేపు తీపి అనే మాటే మరిచిపోయింది నాలుక.
అది నాలుక సంగతి.
నెత్తురు సంగతి తేలాలంటే
చాలామంది కావాలి, చాలా నెలలు కావాలి,
ఎవరు ఆకు మింగారో ఎవరు తవుడు మింగారో
ఇచ్చే నాకు కూడా తెలియకుండా.
ఒక్క డబ్బాతో అంత మాట చెప్పించలేను.
లోపల ఏముందో చెప్పించగలను, అంతే.

తూచాను. కరిగించాను. వడకట్టాను.
రాత్రంతా యంత్రం సన్నగా ఈల వేసింది.
పొద్దున తెర మీద ఆకులన్నీ
పొట్టి పొట్టి తుప్పల్లా గుబురుగా, ఒకదాన్నొకటి ఒరుసుకుంటూ.
మధ్యలో ఒక్కటి నిటారుగా,
చిట్టడవిలో పాతిన కరెంటు స్తంభం.

గ్లిబెన్‌క్లమైడ్.

సీసాలు మార్చాను, చేతులు కడుక్కున్నాను, మళ్లీ చేశాను,
ఈ ఒక్కసారికి నాదే తప్పు కావాలని.
మూడుసార్లూ అదే స్తంభం.
మొదటి చెంచాలో ఒక గోళీ ఎత్తు,
రెండోదాంట్లో సగం,
అట్టడుగుది దాదాపు మూడు.
ఎవడు కలిపాడో గాని సరిగ్గా కలపలేదు,
బరువైంది కిందికి దిగింది.

పెరటి చెట్టు మందుకి పనికిరాదంటారు.
సముద్రం దాటొచ్చిన చెట్టుని మాత్రం
ఎవరూ ఏమీ అడగరు.

చెప్పాను. ఆయనకి కోపం రాలేదు,
నేను కోపానికే సిద్ధపడి కూర్చున్నాను.
"అయితే ఇన్నేళ్లూ గోళీలే మింగానా?"
ఈ డబ్బా వరకే చెప్పగలనండీ, అన్నాను.
కాసేపు కిటికీలోంచి కార్ పార్కు చూశారు.
"మెంతులున్నాయా?"
"ఉన్నాయి. అవి నిజమైనవే."
నవ్వారు, ఒక్క క్షణం.
"అయితే రాయమ్మా. ఉన్నది ఉన్నట్టు. లైసెన్సు వాళ్లకి నేనే పంపుతా."

లేచి, టోపీ దులుపుకుని,
డబ్బా ఇచ్చేయమన్నారు. మూత బిగువైంది,
వాళ్లావిడ ఆవాలు పోసుకుంటుందట.
ఇవ్వడానికి లేదండీ, సాక్ష్యం, అన్నాను.
సాక్ష్యమా, అని
మూత మీది ఆకుని
బొటనవేలితో ఒకసారి తుడిచి చూశారు,
రంగు అంటుతుందేమోనని.