వేలు ఎత్తినప్పుడు

నలభై టిక్కీల తేజ కాయ
నలభై నాలుగు వేల నాలుగు వందల నలభై అయింది,
మిర్చి యార్డులో, ఒక మంగళవారం,
మా ప్రోగ్రాం పెట్టిన మూడో రోజున.
కమీషన్ కొట్టు ఓనరు ఫోన్లో గగ్గోలు:
"ఒక్క రైతుకి అన్ని టిక్కీలా?
ఏ రాజ్యం ఏలుతున్నాడమ్మా వాడు?"

బ్రాడీపేట నుంచి షేర్ ఆటోలో వెళ్ళాను.
గేటు దగ్గరే ఘాటు ముక్కు పట్టుకుంది.
"కొత్తా?" అన్నాడు కాటా దగ్గర హమాలీ.
పుట్టింది ఈ ఊళ్ళోనే అని చెప్పబోతే
ఇంకో తుమ్ము అడ్డొచ్చింది.

గుమాస్తా బాజీ గారు
కీబోర్డు ముందు మఠం వేసుకుని ఉన్నారు.
ఆయన నాలుగు కొట్టడం చూశాను.
కొట్టలేదు, మోపారు.
రసీదు మీద ముద్ర మోపినట్టు
మోపి, ఆగి, పెదాల మధ్య "నాలుగు" అనుకుని,
సిరా ఆరిందని నమ్మకం కుదిరాకే
వేలు తీశారు.
ఆ ఆగినంతసేపూ
నా ప్రోగ్రాం బుద్ధిగా రాసుకుంటూనే ఉంది
నాలుగు నాలుగు నాలుగు నాలుగు.

తప్పు దానిది కాదు.
కీ దిగితే అంకె వేయమన్నాను,
వేసింది.
ఎంతసేపు దిగి ఉందో చూడమని
నేనెక్కడ చెప్పాను?

ఇంకా ఉంది.
సేవ్ బటన్ ఏడుసార్లు నొక్కారట.
మొదటి నొక్కుకి తెర ఉలకలేదు, పలకలేదు.
లోపల అదొక్కటే పట్టుకుని కూర్చుంది నా కోడ్,
మిగతా ఆరూ దాని వెనక
ఏటుకూరు రోడ్డు మీద తెల్లవారుజాము లారీల్లా.
ముందు బండి కదిలింది,
వరసాగ్గా ఏడూ లోపలికొచ్చాయి.
ఏడు బిల్లులు. ఒకటే సరుకు.

రైతు పేరు రాయాల్సిన గడిలో
పన్నెండు వేల ఎనిమిది వందలు.
కర్సరు ఎక్కడుందో చూసుకోలేదు ఆయన,
మెరిసే ఆ సన్నగీతని చూడాలంటే
కళ్ళజోడు మార్చాలి.
నేను చెరపబోయి ఒక్క క్షణం ఆగాను:
ఆ పూట యార్డులో ఎవర్ని పిలిచినా
ధర పెట్టే పిలుస్తున్నారు.

"గబుక్కున తీసేయాలండీ వేలు," అన్నాను.
ఆయన నా వంక చూశారు,
తాలు కాయని చూసినట్టు.
"ముల్లు కాటా రోజుల నుంచీ రాస్తున్నా తల్లీ.
ముల్లు ఊగుతుండగా అంకె వేస్తే
ఎవడో ఒకడు మునుగుతాడు.
ఆగాకే వేయాలి."

అక్కడే ఒక ఖాళీ గోనె మీద కూర్చున్నాను,
ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని.
కీ దిగిన కబురు వస్తే ఊరుకో.
మళ్ళీ మళ్ళీ వచ్చినా ఊరుకో.
ఎత్తిన కబురు వచ్చాక
ఒక్కసారి రాయి.
బటన్ ఒకసారి నొక్కాక
పని తేలేదాకా దాన్ని బూడిదరంగు చెయ్యి,
"రాస్తున్నాను, ఆగండి" అని తెలుగులో చెప్పు.
మూడు గంటలు పట్టింది.
అందులో రెండు, తుమ్ములకే.

బాజీ గారు నాలుగు మోపారు.
ఆగారు.
ఈసారి తెర కూడా ఆగింది.
ఆయన వేలు లేచింది, అంకె పడింది,
ఒకటే.
మెచ్చుకోలేదాయన.
తర్వాతి చీటీ తీసి, "బాడిగ, పద్దెనిమిది," అన్నారు.

ఇంటికొస్తూ ఆటోలో
ఆ కీబోర్డు తాకిన వేలితో
కన్ను నలుపుకున్నాను.

దానికి వరస లేదు, ఆగడం లేదు,
వేలు ఎత్తేదాకా చూద్దామనే మర్యాద లేదు.
శంకర్ విలాస్ సెంటర్ దాకా
ఒకే నొక్కుకి
ధారగా, ధారగా, ధారగా.